పులికాట్ పక్షుల లెక్క: నా అనుభవం

ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనడానికి పక్షుల పేర్లు కొన్ని తెలిసి ఉంటే చాలునని నేను అనుకున్నాను. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఈ గణనలో పేర్ల కంటే అంకెలే ఎక్కువ కష్టపెడతాయని పులికాట్ చేరకముందే, మా వంటింట్లో పళ్ళెం ముందు కూర్చున్నప్పుడే తెలిసివచ్చింది. మా బృందానికి పెద్దగా వ్యవహరించిన విశ్రాంత ఉపాధ్యాయుడు రెండు వారాల ముందే ఒక సాధన చెప్పారు: పళ్ళెంలో గుప్పెడు మినుములు చల్లి, ఐదు సెకన్లు చూసి, ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి, ఆ తరువాత ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. మొదటి రోజు నేను 200 అని రాసినవి 340 తేలాయి. గుంపు పెద్దదయ్యేకొద్దీ కన్ను తక్కువ చేసి చెప్పడం సహజమేనని మాస్టారు అన్నారు. పది రోజుల సాధన తరువాత నా తప్పు పదో వంతుకు దిగింది కానీ, నేను పప్పు ఏరుతున్నానో ఆడుకుంటున్నానో మా అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు.

గణన రోజు తెల్లవారకముందే సూళ్ళూరుపేటలో కలుసుకుని శ్రీహరికోట రోడ్డు పట్టాము. చిలికా తరువాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు అయిన పులికాట్‌ను ఈ రోడ్డు అడ్డంగా చీల్చుకుంటూ పోతుంది కనుక, బండి దిగితే రెండు పక్కలా నీళ్ళే కనిపిస్తాయి. మాకు ఉత్తరపు పక్క అప్పగించినందుకు నేను లోలోపల సంతోషించాను. జనవరిలో పొద్దు ఆగ్నేయం నుంచి పొడుస్తుంది; ఉత్తరానికి తిరిగి నిలబడితే వెలుతురు మన వీపు మీదుగా పక్షుల మీద పడుతుంది. దక్షిణం పక్క లెక్కించేవారికి ముక్కు రంగు, కాలి రంగు తెలియక అన్నీ నల్లటి నీడలుగానే కనిపిస్తాయి.

ఎక్కడ ఆగాలో మాకు చెప్పింది మాత్రం వల భుజాన వేసుకుని వెళ్తున్న ఒక జాలరి. “నీళ్ళు లోతైతే చిన్న పిట్టలు నిలబడవు సార్, ఆ తిప్ప దగ్గర పల్చగా ఉండాది, ఆడ చూడండి” అన్నాడు. అతడు చూపిన చోట బురద అంచున ఉల్లంకి పిట్టలూ, కాస్త లోపల సూదితోక బాతులూ, వాటికి ఆవల ఫ్లెమింగోల బారూ కనిపించాయి. పటం పట్టుకుని తిరిగే మాకు ఆ ఉదయం దొరికిన అత్యంత ఉపయోగకరమైన సమాచారం అదే.

ఫ్లెమింగోలను లెక్కించే పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. గుంపులో ఒక చివర యాభై పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ యాభై ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, ఆ కొలతను ముక్క తరువాత ముక్కగా గుంపు చివరిదాకా జరుపుతూ పోవాలి. అయితే అవి తలను నీళ్ళలో తలకిందులుగా ముంచి, వంపు ముక్కుతో నీటిని వడగట్టి మేస్తాయి కనుక ముందు వరుస వెనుక ఎన్ని ఉన్నాయో ఒక పట్టాన తేలదు. నేను పదకొండో ముక్క దగ్గర ఉండగా ఒక గద్ద తక్కువ ఎత్తులో సాగిపోయింది. బారంతా లేచి, ఒక చుట్టు తిరిగి, వేరే ఆకారంలో దిగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

అంతకన్నా పెద్ద పొరపాటు నేను స్వయంగా చేశాను. గులాబీ రంగు లేని బూడిద రంగు పక్షులు కొన్ని అంచున కనిపిస్తే వాటిని కొంగల గడిలో వేశాను. మాస్టారు స్కోప్ నా వైపు తిప్పి, వాటి ముక్కు వంపు చూడమన్నారు. అవి ఫ్లెమింగో పిల్లలే. ఆ జాతికి రంగు తిండి వల్ల, కొన్నేళ్ళకు గానీ రాదు. పుస్తకంలో ఆ బొమ్మ నేను చూసిందే, గుర్తుకు రాలేదంతే. చివరకు నా లెక్క 1,140 దగ్గర, మాస్టారి లెక్క 1,210 దగ్గర ఆగితే, మూడోసారి ఇద్దరమూ కలిసి లెక్కించి 1,180 రాశాము. దూరాన ఉన్న సుమారు 300 ఉల్లంకి పిట్టలకు నేను ఏదో ఒక పేరు పెట్టబోతే ఆయన ఒప్పుకోలేదు. “గుర్తించలేనివి” అన్న గడి ఉన్నది అందుకేనని ఆయన అభిప్రాయం. ఆ గడి నింపడానికి నాకు కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

సామాను సర్దుతుండగా ఫ్లెమింగోలలో ఒక భాగం లేచి, మా తలల మీదుగా రోడ్డు దాటి దక్షిణానికి పోయింది. అప్పుడు సమయం 10.40. అవతలి బృందానికి ఫోన్ చేసి, ఆ సమయానికి ఉత్తరం నుంచి వచ్చి దిగిన గుంపును తమ లెక్కలో కలపవద్దని చెప్పాము. వారు అప్పటికే కలిపేశారట. మేము ఫోన్‌లో ఉండగానే 260 కొట్టివేశారు.