సుద్ద అంటిన చోటే

మన బడిలో సైకిల్ స్టాండు వెనక రేకుల షెడ్డు, అదే మనం చెక్కపని నేర్చుకున్న క్రాఫ్ట్ గది. ఒంటిపూట బడుల రోజుల్లో పదిగంటలకే లోపల ఉడికిపోయేది. అయినా ఆ పీరియడ్ అయిపోతుంటే నాకు దిగులేసేది.

మాస్టారు మాకు ముందుగా చేయించింది అప్పడాల కర్ర. నలుచదరపు ముక్క ఇచ్చి, మూలలు చిత్రిక పట్టి ఎనిమిది పలకలు చెయ్యమనేవారు. తర్వాత పదహారు. "గుండ్రం కోసం చూడకండిరా, పలకలు సమానంగా రానివ్వండి. గుండ్రం అదే వస్తుంది" అనేవారు. ఆ తర్వాత స్టూలు. రంధ్రంలో దిగేలా చెక్క చివర చెక్కే నాలుకే కూసం. అది రంధ్రంలో దిగకపోతే సుత్తి ముట్టుకోనిచ్చేవారు కాదు. బోర్డు మీద రాసే సుద్దముక్కను రంధ్రం లోపల రుద్ది, కూసం పెట్టి తీయమనేవారు. సుద్ద అంటిన చోటే బిగుతు. అక్కడే, ఒక్క పొర చెక్కాలి. మళ్ళీ సుద్ద.

ముప్ఫై ఏళ్ళ తర్వాత విజయవాడ పటమటలో మా డాబా మీద ఆర్చ్‌టాప్ గిటారు చేస్తూ నేను వాడింది ఈ రెండు పాఠాలే.

ఆర్చ్‌టాప్ అంటే పైచెక్కను వయొలిన్‌లా ఉబ్బెత్తుగా చెక్కిన గిటారు. అమెరికాలో కలమజూ ఊళ్ళో ఆర్విల్ గిబ్సన్ మొదలుపెట్టిన పని ఇది. అలా చెక్కే మాండలిన్‌కి ఆయన 1898లో పేటెంట్ పొందాడు. దీంట్లో తీగల్ని మోసే చెక్కముక్కని, అంటే బ్రిడ్జిని, అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. అందుకని నెక్, అంటే గిటారు పొడవాటి మెడ, ఏ వాలులో కూర్చుంటుందో దాన్నిబట్టే బ్రిడ్జి ఎత్తు. నేను తీసుకున్న తీగ పొడవు 648 మి.మీ. నెక్ మీద వేళ్ళతో తీగలు నొక్కే పలక, అంటే ఫింగర్‌బోర్డు మీద స్టీలు స్కేలు ఆనించి చూస్తే, బ్రిడ్జి చోట పైచెక్కకి 25 మి.మీ. ఎత్తున దాని అంచు వెళ్ళాలి. నాకు 19 వచ్చింది.

నెక్ చివర గిటారు ఒంటికి ఆనే మందపాటి భాగాన్ని హీల్ అంటారు. దాని కింది అంచున 1 మి.మీ. తీస్తే బ్రిడ్జి దగ్గర 3 మి.మీ. పైనే లేస్తుంది. అంటే నేను తీయాల్సింది 2 మి.మీ. లోపే. కానీ అతుకు పావురాయి తోకలా విచ్చుకున్న కూసం. అంచు తీసినకొద్దీ నెక్ లోపలికి జరిగి కూసం వదులవుతుంది. పైగా నెక్ పైచివర తీగలు ఆనే నట్ మధ్య నుంచి, కింద తీగలు కట్టే టెయిల్‌పీస్ దాకా లాగిన దారం పక్కకి పోతోంది. దాన్ని సరిచేయబోయి తొందరపడి కూసం పక్కల్లో ఒకటి, అంటే ఒక బుగ్గ, ఎక్కువ చెక్కేశాను. మేపుల్ చెక్క, మళ్ళీ తెప్పించుకోవాలంటే నెలలు పడుతుంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు నెక్‌నీ ఒంటినీ దుప్పట్లో చుట్టుకుని సత్యనారాయణపురంలో మాస్టారింటికి వెళ్ళాను. ఎనభై దాటినా ఒక కన్ను మూసి దారం వెంట చూసే చూపు అదే. "నూజివీడు వీణల్లో ఏకాండి ఉంటుంది చూశావా, ఒకటే మొద్దులో తొలిచేది. దానికి అతుకు బెంగ లేదు. నువ్వు అతుకు పెట్టుకున్నావు కాబట్టి ఓపిక పట్టాలి" అన్నారు. తగ్గిన బుగ్గకి అదే మేపుల్‌లోంచి పల్చటి పొర అతికించమన్నారు. జిగురు ఆరాక రెండ్రోజులకి మళ్ళీ వెళ్తే, మనవరాలి బడిసంచిలోంచి సుద్దముక్క తెప్పించారు.

పెట్టడం, తీయడం, చూడటం. ఉలి నా చేతిలోనే ఉంది, ఎక్కడ ఆపాలో ఆయన చెప్పారు. సాయంత్రానికి రెండు బుగ్గల మీదా తెలుపు సమానంగా పడింది. నెక్ పట్టుకుని ఎత్తితే జిగురు లేకుండానే ఒళ్ళంతా లేచొచ్చింది. సుద్ద ఉంటే జిగురు పట్టదని తడిగుడ్డతో ఆయనే తుడిచారు.

నెక్ వెనకవైపు నునుపు మాత్రం ఇంటికొచ్చి నేనొక్కణ్ణే చేసుకున్నాను. ఎనిమిది పలకలు, పదహారు, ఆపైన గాజుపెంకుతో గీకడం. నెక్ మందం మొదటి ఫ్రెట్, అంటే మొదటి మెట్టు, దగ్గర 21 మి.మీ., పదో ఫ్రెట్ దగ్గర 23.

డిసెంబరులో మన బడి పాత విద్యార్థుల కలయికకి ఆ గిటారు తెస్తున్నాను. మాస్టారు వస్తానన్నారు. మన బ్యాచ్‌లో వాయించేవాళ్ళు ముందుగా ఫోన్ చేయండి, తీగలు కొత్తవి వేసి ఉంచుతాను.