బొరుసు తిప్పి చూడండి

రోమన్ నాణేలు అనగానే అందరూ బంగారం, వెండి వైపే పరిగెడతారు గానీ నా ప్రాణమంతా ఇత్తడి, రాగి, కంచు నాణేల మీదే. రోజూ సామాన్యుల చేతులు మారినవి అవే కదా. రోమ్ ముఖం ఎన్నడూ చూడని మనిషికి కూడా చక్రవర్తి ముఖం వాటితోనే పరిచయమయ్యేది.

వాటిలో పెద్దది సెస్టెర్షియస్. మొదటి చక్రవర్తి అగస్టస్ సంస్కరణల తర్వాత దాన్ని ఇత్తడితో కొట్టారు, బరువు దాదాపు 25 గ్రాములు, నాలుగు కలిస్తే ఒక వెండి డెనారియస్. అంత చోటు దొరికాక చెక్కేవాళ్లు ఊరుకుంటారా! నీరో నాణెం మీద ఒస్టియా ఓడరేవు మొత్తం, లోపలి ఓడలతో సహా, పైనుంచి చూసినట్టు కనిపిస్తుంది. టైటస్ కాలంలో కొలోసియంను లోపల కూర్చున్న జనంతో సహా చెక్కారు. (ఇలాంటి నాణెం మీ చేతికొస్తే దయచేసి చిలుము గీకకండి. దానితోపాటు ఆ గీతలు కూడా పోతాయి, ఇక తిరిగి రావు.)

బొమ్మ వైపు చక్రవర్తి తల, బొరుసు వైపు ఆయన జనానికి చెప్పదలుచుకున్న మాట. చాలా నాణేలు చూశాక నాకు అనిపించింది ఏంటంటే, బొరుసు ఏ మాటను మరీ గట్టిగా చెబుతోందో పాలకుడికి టెన్షన్ అక్కడే ఉంటుంది. 3వ శతాబ్దపు నాణేల మీద సైనికుల విధేయత, సైన్యంలో ఐకమత్యం అని పదే పదే రాసి ఉంటుంది, సరిగ్గా అదే కాలంలో సైన్యాలు ఒక చక్రవర్తిని చంపి ఇంకొకరిని గద్దెనెక్కిస్తూ పోయాయి.

అన్నిటికంటే నన్ను కలచివేసేది కారకల్లా, గెటాల కథ. అన్నదమ్ములిద్దరూ కలిసి ఏలుతున్నప్పుడు వాళ్ల సఖ్యతను చాటుతూ నాణేలు వచ్చాయి. 211 డిసెంబరులో కారకల్లా తమ్ముణ్ణి చంపించాడు. ఆ తర్వాత గెటా పేరు, బొమ్మ ఎక్కడా మిగలకూడదన్నారు. ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ)లోని స్ట్రటోనికేయా లాంటి నగరాల్లో కొట్టిన పెద్ద కంచు నాణేల మీద ఇద్దరి తలలూ ఎదురెదురుగా ఉండేవి. వాటిలో గెటా తల ఉన్న చోట చెరిపేసిన మచ్చ ఇప్పటికీ ఉంది, ఎదురుగా కారకల్లా మాత్రం ఏమీ జరగనట్టు చూస్తుంటాడు. రాతి శాసనాల్లో కొట్టేయడం ఒక ఎత్తు, కానీ చేతిలో ఇమిడే నాణేన్ని కూడా వదల్లేదంటే ఆ ఆజ్ఞ వెనక ఎంత భయం ఉండాలి!

డయొక్లీషియన్ చక్రవర్తి కాలానికి ఒకేసారి నలుగురు పాలకులు, నలుగురికీ దాదాపు ఒకే ముఖం: అదే కురచ గడ్డం, అదే బండ దవడ. చుట్టూ ఉన్న పేరు చదివితే గానీ ఎవరెవరో తెలియదు. మనిషి ఎవరైనా పాలన ఒక్కటే అని చెప్పడానికే అలా చేశారని నా నమ్మకం.

కాన్‌స్టంటైన్ చివరి ఏళ్లలో సైన్యం కీర్తిని చాటే చిన్న కంచు నాణేలు విపరీతంగా వచ్చాయి. 330 ప్రాంతంలో వాటి బొరుసు మీద ఇద్దరు సైనికులు, వాళ్ల మధ్య రెండు ధ్వజాలు ఉండేవి. 335 ప్రాంతంలో నాణెం ఇంకా చిన్నదైపోయింది, సైనికులు ఇద్దరూ అలాగే ఉన్నారు, ధ్వజం మాత్రం ఒక్కటే మిగిలింది.