మిట్రల్ వాల్వ్‌కు బెలూన్ వేయించుకున్నాను: నా అనుభవం

నాకు అయిదో నెల నిండేసరికి రాత్రిళ్లు పడుకోవడమే కష్టమైంది. వెల్లకిలా పడుకుంటే కాసేపటికే ఊపిరి అందదు, దగ్గు తెర మొదలవుతుంది. లేచి కూర్చుంటే సర్దుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మామూలేనని అందరూ అన్నారు. పెళ్లికి ముందు కూడా మెట్లెక్కితే రొప్పు వచ్చేది. అప్పట్లో ఒక క్లినిక్‌లో ఉబ్బసం అని నోటితో పీల్చే పంపు రాసిచ్చారు కానీ దానితో ఏమీ తగ్గలేదు. చివరికి మా అత్తయ్య పట్టుబట్టి గుంటూరు తీసుకెళ్లింది. అక్కడి గైనకాలజీ డాక్టరమ్మ స్టెత్ పెట్టి, "ఎడమ పక్కకు తిరిగి పడుకోమ్మా" అని మళ్లీ చాలాసేపు విన్నారు. గుండె చప్పుడులో 'డబ్' తర్వాత, మళ్లీ 'లబ్' రాకముందు గురగురమనే శబ్దం ఉందని, వెంటనే ఎకో (గుండె స్కాన్) తీయించుకోమని చెప్పారు. ఆ ఎడమ పక్కకు తిప్పి వినడం వల్లే నా జబ్బు బయటపడింది. ఆవిడకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఎకో రిపోర్టులో మిట్రల్ స్టెనోసిస్ అని రాశారు. గుండెలో ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే వాల్వ్ సన్నబడిపోయిందన్నమాట. తెరుచుకున్నప్పుడు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దారి ఉండాల్సిన చోట నాకు 0.9 మాత్రమే ఉంది. కార్డియాలజిస్టు మొదట అడిగిన ప్రశ్నకు మేం ఆశ్చర్యపోయాం: "చిన్నప్పుడు జ్వరంతో పాటు కీళ్లు వాచాయా?" అమ్మకు గుర్తుంది. నేను హైస్కూల్లో చేరిన కొత్తలో ఒక మోకాలు తగ్గితే రెండోది, అది తగ్గితే చీలమండ వాచేవి. ఎదిగే పిల్లలకు వచ్చే నొప్పులే అనుకున్నారు. అది రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల ముందు గొంతు నొప్పి వస్తుంది. దానితో పోరాడడానికి ఒళ్లు తయారుచేసుకున్న రక్షణ వ్యవస్థే తర్వాత కీళ్ల మీదికీ, గుండె వాల్వుల మీదికీ తిరగబడుతుంది. కీళ్లు బాగైపోతాయి. వాల్వ్ రెక్కలు మాత్రం ఏళ్ల తరబడి దళసరెక్కి, అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

వాల్వ్ గుండెలో ఉంటే ఆయాసం ఎందుకు, అందులోనూ పడుకున్నప్పుడే ఎందుకు? ఇది నేను పట్టుబట్టి అడిగాను. డాక్టరుగారు ఎకో కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం సిరల ద్వారా కుడి కర్ణికలోకి (పై గది), అక్కడి నుంచి కుడి జఠరికలోకి (కింది గది) వస్తుంది. అది ఊపిరితిత్తులకు నెడుతుంది. రక్తం అక్కడ ఆక్సిజన్ తీసుకుని, ఊపిరితిత్తుల నుంచి వచ్చే నాలుగు పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు చేరి, మిట్రల్ వాల్వ్ దాటి ఎడమ జఠరికలోకి దిగి, బృహద్ధమని గుండా మళ్లీ ఒంటికి వెళుతుంది. ఈ దారిలో నా అడ్డంకి ఊపిరితిత్తులు దాటిన తర్వాత ఉంది. మా పల్నాడులో కాలువకు అడ్డంగా షట్టరు దించితే ఎగువ పొలాలు మునిగినట్టు, ఎడమ కర్ణికలో పెరిగిన ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల దాకా పాకింది. అక్కడి సన్నని రక్తనాళాల నుంచి నీరు ఊరి గాలి గదుల్లోకి చేరుతోంది. పడుకున్నప్పుడు కాళ్లలోని రక్తం కూడా సులువుగా గుండెకు తిరిగొస్తుంది కాబట్టి ఊపిరితిత్తుల్లో రద్దీ ఇంకా పెరుగుతుంది. కూర్చుంటే తగ్గుతుంది. పంపు ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది.

గర్భంతో ఎందుకు ముదిరిందో కూడా ఆ బొమ్మతోనే తేలిపోయింది. మామూలు మనిషిలో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. గుండె ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున నెడుతుంది కాబట్టి, నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఆ 5 లీటర్లూ నిమిషంలో ఒక చుట్టు తిరిగొస్తాయి. విలియం హార్వే కూడా 1628లో ఇలాంటి లెక్కతోనే వాదించాడు: ఇంత రక్తం ఎప్పటికప్పుడు తిండి నుంచి కొత్తగా పుట్టడం కుదరదు, ఉన్నదే తిరుగుతూ ఉండాలి. గర్భిణికి రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. 0.9 చదరపు సెంటీమీటర్ల దారిలోంచి అదంతా పోవాలి.

నాకు మెటోప్రొలాల్, లాసిక్స్ ఇచ్చారు. లాసిక్స్ ఒంట్లో నీరు తీసేస్తుంది. మెటోప్రొలాల్ సంగతి నాకు భలే నచ్చింది. గుండె ముడుచుకున్నప్పుడు మిట్రల్ వాల్వ్ మూసుకుని ఉంటుంది, సడలినప్పుడే తెరుచుకుంటుంది. గుండె వేగం పెరిగితే ఆ సడలే సమయమే ఎక్కువగా తగ్గిపోతుంది, సన్నని దారిలోంచి రక్తం దిగే వ్యవధి ఉండదు. మెటోప్రొలాల్‌తో వేగం తగ్గిస్తే వ్యవధి దొరుకుతుంది. ఉప్పు మానేశాను, ఎడమ పక్కకు తిరిగి పడుకునేదాన్ని. మందులతో ఆయాసం అదుపులోకి రావడంతో బెలూన్‌ను, అంటే సన్నబడిన వాల్వ్‌ను లోపల బెలూన్ ఉబ్బించి వెడల్పు చేయడాన్ని, కాన్పు తర్వాతకు వాయిదా వేశారు. కార్డియాలజీ వాళ్లు దగ్గరుండగా కాన్పు జరిగింది, పాప క్షేమంగా పుట్టింది.

పాప కాస్త పెద్దయ్యాక ఆరోగ్యశ్రీ కింద అప్రూవల్ వచ్చింది. ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలన్నీ మావారే చూసుకున్నారు. ముందు రోజు గొంతులోంచి గొట్టం వేసి ఎకో తీశారు. గొంతు మొద్దుబారడానికి స్ప్రే కొట్టినా వాంతి వచ్చినట్టే ఉంటుంది, ఓర్చుకోవాలి. అన్నవాహిక సరిగ్గా ఎడమ కర్ణిక వెనకే ఉంటుంది కాబట్టి అక్కడ రక్తం గడ్డ కట్టి ఉంటే ఇందులో స్పష్టంగా కనిపిస్తుందట. గడ్డ ఉంటే బెలూన్ వేయరు, అది కదిలి మెదడుకు పోయే ప్రమాదం ఉంటుంది. నాకు లేదు.

క్యాథ్ ల్యాబ్‌లో (రక్తనాళాల్లోంచి గొట్టాలు పంపి గుండెకు చికిత్స చేసే గది) నాకు మెలకువగానే ఉంది. గజ్జ దగ్గర మత్తు ఇంజక్షన్ మాత్రమే ఇచ్చి, అక్కడి సిరలోంచి సన్న గొట్టాన్ని కుడి కర్ణిక దాకా పంపారు. కానీ వాల్వ్ ఎడమ వైపు ఉంది కదా? రెండు కర్ణికల మధ్య గోడను సూదితో గుచ్చి అవతలికి వెళతారు. వాళ్లు గుచ్చే చోటు గోడంతటిలో పల్చనిది. కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు కాబట్టి, రక్తం ఊపిరితిత్తులకు వెళ్లే పని పెద్దగా లేకుండా కుడి నుంచి ఎడమకు దాటిపోవడానికి అక్కడ ఒక రంధ్రం ఉంటుంది. పుట్టాక ఊపిరి మొదలవగానే ఎడమ వైపు ఒత్తిడి పెరిగి అది మూసుకుంటుంది. నా కడుపులో ఉన్నన్నాళ్లూ మా పాపకు తెరిచే ఉన్న దారి అది. నాకు పుట్టినప్పుడు మూసుకుపోయిన ఆ చోటే ఇప్పుడు నా ప్రాణానికి దారి ఇచ్చింది. ఈ సంగతి తెలిశాక సూది అంటే ఉన్న భయం చాలా వరకు పోయింది.

నా ఎత్తు ఎందుకడిగారో కూడా అక్కడే తెలిసింది. సెంటీమీటర్లలో ఎత్తును పదితో భాగించి పది కలిపితే బెలూన్ సైజు మిల్లీమీటర్లలో వస్తుంది. నాకు 26. జపాన్ సర్జన్ కాంజీ ఇనోయె తయారుచేసిన బెలూన్ అది. ముందు భాగం మొదట ఉబ్బి వాల్వ్ అవతల పట్టు దొరికించుకుంటుంది, తర్వాత వెనక భాగం, చివరికి నడుము భాగం ఉబ్బి అతుక్కున్న అంచులను విడదీస్తుంది. "ఇప్పుడు కాస్త కళ్లు తిరుగుతాయమ్మా, భయపడకు" అని సిస్టర్ చెయ్యి పట్టుకుంది. బెలూన్ ఉబ్బినప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకుపోతుంది కదా, కొన్ని క్షణాలు కళ్లు బైర్లు కమ్మాయి. అంతలోనే తీసేశారు. ఎడమ కర్ణికలో ఒత్తిడి 28 నుంచి 12కు దిగిందని డాక్టరుగారు పైకే చదివారు. వాల్వ్ దారి 1.7కు పెరిగింది. కాస్త లీక్ మిగిలింది, దానికి ఇప్పుడేమీ చేయక్కర్లేదన్నారు. ఆ రాత్రి కాలు కదపకుండా వెల్లకిలా పడుకోమన్నారు. దిండు లేకుండా పడుకున్నాను, దగ్గు రాలేదు.

వాల్వ్ మళ్లీ సన్నబడవచ్చు కాబట్టి ఏటా ఎకో తీయించుకోవాలి. రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజక్షన్, కనీసం 40 ఏళ్లు వచ్చేదాకా. నడుం కింద చాలా నొప్పి పెడుతుంది, అయినా తప్పించుకోను. ఇప్పుడు పాప స్కూలుకు వెళుతోంది. రుమాటిక్ జ్వరం ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల మధ్యే వస్తుంది. అందుకే జ్వరంతో గొంతు నొప్పి అంటే మందుల షాపుకు పోకుండా డాక్టరుకు చూపిస్తున్నాం. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన గొంతు నొప్పి అయితే, మొదలైన 9 రోజుల్లోపు పెనిసిలిన్ పడితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపవచ్చట.