కలడో లేడో అంటూనే పిలిచినవాడు

"ఇన్నాళ్లూ లేని భక్తి ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడిందో!" వయసు పైబడ్డాక దేవుడి వైపు తిరిగినవాళ్లని ఇంట్లోవాళ్లూ స్నేహితులూ సరదాకో ఎత్తిపొడుపుకో అనే మాట ఇది. అనేవాళ్ల సంగతి అలా ఉంచండి, తిరిగినవాళ్లే లోపల్లోపల ఈ మాట తమని తాము అనుకుంటూ ఉంటారు. ముప్పై నలభై ఏళ్లు పూజల జోలికి పోకుండా, "అదంతా మనిషి భయం కల్పించుకున్నదే" అని నలుగురిలో గట్టిగా వాదించి, అరవై దాటాక ఒకరోజు పొద్దున్నే లేచి చిన్నప్పటి పద్యమొకటి చదువుకోవాలనిపిస్తే ముందు కలిగేది సిగ్గు. ఎవరైనా చూస్తారేమోనని. దాని వెనకే ఇంకో ఇబ్బంది. అనుమానం పోయిందా అంటే పోలేదు, నమ్మకం వచ్చిందా అంటే ఏమో తెలీదు. మరి నమ్మకం కుదరకుండా చేతులు జోడించడం నటన కాదా?

ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయినవాళ్లు గజేంద్రమోక్షం ఇంకోసారి తీసి చదవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. పోతన భాగవతంలో అష్టమ స్కంధం. పద్యాలు చాలావరకు మీకు నోటికి వచ్చినవే అయ్యుంటాయి. చిన్నప్పుడు మనందరికీ అది ఏనుగూ మొసలీ కథ, చివర్లో చక్రం వచ్చి మొసలి తల తెగుతుంది, అంతటితో సంతోషం. పెద్దయ్యాక చదివితే మధ్యలో ఉన్నదంతా కనబడుతుంది.

గజేంద్రుడు మామూలు ఏనుగు కాదు, మందకి రాజు. త్రికూట పర్వతం మీద అడవంతా అతని ఇష్టారాజ్యం, వెనక ఆడ ఏనుగులు, పిల్లలు, పెద్ద గుంపు. దాహమేసి సరస్సులో దిగాడు, మంద మొత్తంతో కలిసి నీళ్లలో ఆడాడు, మొసలి వచ్చి కాలు పట్టుకుంది. పట్టుకోగానే దేవుణ్ణి పిలిచాడా? లేదే! పోట్లాడాడు. వెయ్యేళ్లు పోట్లాడాడని భాగవతం చెబుతుంది. అన్నేళ్లూ దేవుడి ఊసు లేదు, తన బలం చాలనుకున్నాడు, అలా అనుకోవడం తప్పని కథ కూడా ఎక్కడా అనదు. నిజంగానే బలవంతుడు మరి. జరిగిందేమిటంటే, నీళ్లు మొసలికి సొంత చోటు కాబట్టి రోజులు గడిచేకొద్దీ దాని బలం పెరిగింది, ఏనుగు బలం తరిగింది. తోటి ఏనుగులు లాగి చూశాయి, వాటి వల్ల కాలేదు.

వయసు మన మీద చేసేదీ ఇలాంటి పోరాటమే. మొదట్లో మనదే పైచేయి, ఏ నొప్పైనా రెండ్రోజుల్లో సర్దుకుంటుంది, ఏ టెన్షన్ అయినా ఒక రాత్రి నిద్రతో తీరిపోతుంది. తర్వాతర్వాత ఫోన్ మోగితే ఎవరు పోయారోనని గుండె ఝల్లుమనే కాలం వస్తుంది. ఉద్యోగం, హోదా, మన మాట వినే మనుషులు ఒక్కొక్కటిగా పక్కకి జరుగుతాయి. మనవాళ్లు ఉంటారు, ప్రేమగానే ఉంటారు, చెయ్యి పట్టుకుని లాగుతారు కూడా. ఒక హద్దు దాటాక వాళ్ల వల్లా కాదు. ఇది ఎవరి తప్పూ కాదు.

సరే, అప్పుడు గజేంద్రుడికి ప్రార్థన ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏనుగుకి స్తోత్రం ఎవరు నేర్పారు? ఈ ప్రశ్నకి జవాబు సంస్కృత మూలంలో వ్యాసుడు ఒక్క మాటలో చెప్పేసి ముందుకి వెళ్లిపోతాడు, మనం కూడా సాధారణంగా దాని మీద ఆగం: "ప్రాగ్జన్మన్యనుశిక్షితమ్". వెనకటి జన్మలో నేర్చుకున్నదాన్ని జపించాడట. ఆ జన్మలో అతను ఇంద్రద్యుమ్నుడనే రాజు, విష్ణుభక్తుడు, మౌనంగా పూజలో ఉండగా వచ్చిన అగస్త్యుణ్ణి గమనించక శాపం తగిలి ఏనుగై పుట్టాడు. పుట్టాక అంతా మరిచిపోయాడు. అడవి, మంద, ఆటలు, రాజరికం, వీటన్నిటి కింద ఆ నేర్చుకున్నది ఎక్కడో అడుగున ఉండిపోయింది. బలమంతా అయిపోయాక పైకి వచ్చింది.

మనకైతే వెనకటి జన్మ దాకా వెళ్లే పని కూడా లేదు, బాల్యమే చాలు. అరవై ఏళ్లవాడికి ఆరేళ్లప్పటి తను ఇంకో జన్మలాంటివాడే కదా. ఎవరో ఒడిలో కూర్చోబెట్టుకుని చెప్పిన శ్లోకం, అర్థం తెలీకుండా అప్పజెప్పిన పద్యం, మధ్యలో చదువూ వాదాలూ సంపాదనా వచ్చి కప్పేశాయి తప్ప ఎక్కడికీ పోలేదు. మతిమరుపు ముదిరి సొంత పిల్లల పేర్ల దగ్గర తడబడే పెద్దవాళ్లు కూడా, ఎవరైనా మొదటి పాదం అందిస్తే పద్యం చివరిదాకా చెప్పెయ్యడం చాలామంది చూసే ఉంటారు. కాబట్టి "ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది" అన్న ఎత్తిపొడుపుకి కథలోనే సమాధానముంది. పెద్దవయసులో కొత్త విశ్వాసం పుట్టడం కూడా ఉంటుంది, కాదనను, కానీ నేను చూసినంతలో ఎక్కువమందికి జరిగేది తిరిగి దొరకడమే.

ఇక ప్రార్థన. గజేంద్రుడు ఎలా మొదలుపెట్టాడో చూడండి. "ఎవ్వనిచే జనించు, జగ మెవ్వని లోపల నుండు లీనమై" అని. లోకాలూ లోకపాలకులూ అన్నీ పోయాక మిగిలే పెంజీకటికి అవతల ఒంటరిగా వెలిగేవాడు అని. మహా గంభీరంగా ఉంటుంది, పండితుడు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కాలు మొసలి నోట్లో ఉంది, మాట మాత్రం వేదాంతం! దీన్ని నేను వెక్కిరించడం లేదు, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు మొదట అలాగే వస్తుంది. చాలాకాలం తర్వాత దేవుడి ఎదుట నిలబడ్డ మనిషి కూడా ముందు పుస్తకంలో మాటలే చెబుతాడు, తన మాటలు ఆ తర్వాత ఎప్పటికో గానీ దొరకవు.

గజేంద్రుడికి దొరికిన సొంత మాట ఇదీ:

కలఁ డందురు దీనుల యెడఁ,
గలఁ డందురు పరమయోగి గణముల పాలం,
గలఁ డందు రన్నిదిశలను,
గలఁడు కలం డనెడువాఁడు గలఁడో లేఁడో?

దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు. అందరూ ఉన్నాడు ఉన్నాడనే ఆ దేవుడు అసలు ఉన్నాడా, లేడా? భక్తి గ్రంథం మధ్యలో, అందులోనూ స్తోత్రం మధ్యలో, ఈ ప్రశ్న! వ్యాసుడి గజేంద్రస్తుతిలో ఇలాంటి సందేహం కనబడదు, ఇది పోతన పెట్టింది. భాగవతాన్ని తెలుగు చేస్తున్న పరమభక్తుడు తన ఏనుగు నోట ఈ మాట ఎందుకు పలికించాడో నాకు చాలాకాలం అంతుబట్టేది కాదు. ఇప్పుడనిపిస్తుంది, ఇది లేకపోతే మిగతా ప్రార్థనని మనం నమ్మేవాళ్లం కాదేమో. అంత బాధలో ఉన్నవాడికి ఒక్కసారైనా ఆ అనుమానం రాలేదంటే అది కాగితం మీద ఏనుగు.

తర్వాత రెండు మూడు పద్యాలకి "లావొక్కింతయు లేదు" వస్తుంది. బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పుతున్నాయి, నీవే తప్ప ఇతఃపరం బెరుగ. అందరూ ఇక్కడితో సందేహం తీరిపోయిందనుకుంటారు, శరణాగతి అయిపోయింది కదా అని. పోతన అక్కడ ఆగడు. వెంటనే మళ్లీ:

వినుదఁట జీవుల మాటలు
చనుదఁట చనరానిచోట్ల శరణార్థుల కో
యనుదఁట పిలిచిన సర్వముఁ
గనుదఁట సందేహ మయ్యెఁ గరుణావార్ధీ!

జీవుల మాటలు వింటావట, వెళ్లరాని చోట్లకైనా వెళ్తావట, శరణన్నవాళ్లు పిలిస్తే ఓ అంటావట, అన్నీ చూస్తావట, నాకు మాత్రం సందేహంగా ఉంది కరుణాసముద్రుడా! అంటే శరణు వేడిన తర్వాత కూడా అనుమానం అలాగే ఉంది. మారింది ఒకటే. మొదటి పద్యంలో ఎక్కడో ఉన్నాడో లేడో తెలియని ఒకడి గురించి తనలో తాను అనుకుంటున్నాడు. ఈ పద్యంలో ఆ అనుమానాన్నే తీసుకెళ్లి అతనితోనే చెబుతున్నాడు, "నీ మీద నాకు సందేహంగా ఉందయ్యా" అని. ఇద్దరి మధ్య మాట మొదలైంది. అలిగిన మనిషితో మనం మొదటిసారి నోరు విప్పినప్పుడు బయటికొచ్చేది కూడా ఫిర్యాదే కదా, ముఖస్తుతి కాదు.

నా మటుకు నాకు పెద్దవయసు విశ్వాసమంటే ఇదే. అనుమానాలన్నీ తీరాక దండం పెడదాంలే అని కూర్చుంటే అది ఎప్పటికీ జరగదు, ఎందుకంటే తీర్చేవాళ్లు ఎవరూ రారు. ఎవరి గురించి అనుమానమో వాళ్లకే చెప్పుకోవాలి. నటన అని భయపడేవాళ్లు గమనించాల్సింది కూడా ఇక్కడే. లేని నమ్మకాన్ని ఉన్నట్టు చూపిస్తే అది నటన. ఉన్న అనుమానంతోనే ఎదుట నిలబడితే అందులో దాపరికం ఏముంది?

భయంతో వచ్చారని తక్కువ చూసేవాళ్లకి గీత ఏడో అధ్యాయం గుర్తుచేయాలి. నన్ను నాలుగు రకాలవాళ్లు సేవిస్తారని చెబుతూ కృష్ణుడు మొట్టమొదట ఎత్తుకున్న పేరు ఆర్తుడిది, అంటే బాధలో ఉన్నవాడిది. తర్వాతే తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, సంపద కోరే అర్థార్థి, జ్ఞాని. జ్ఞాని తనకు ఆత్మవంటివాడని అన్నాడు, నిజమే, కానీ ఆ మాటకి ముందే "ఉదారాః సర్వ ఏవైతే" అన్నాడు, వీళ్లందరూ మంచివాళ్లేనని. ఆయన లెక్కలో చిన్నచూపు లేనప్పుడు మధ్యలో మనకెందుకు?

అలాగని ముసలితనం వస్తే భక్తి దానంతటదే వస్తుందనుకుంటే పొరపాటు. "వృద్ధస్తావచ్చింతాసక్తః" అని భజగోవిందంలో ఉంది, పిల్లలు ఆటల్లో, యువకులు ప్రేమల్లో, ముసలివాళ్లు చింతల్లో మునిగి ఉంటారట, పరబ్రహ్మ మీద ఎవడికీ ధ్యాస లేదట. ఎంత నిజం! ఖాళీ సమయం దొరికినంత మాత్రాన మనసు దేవుడి మీదకి పోదు, ఆస్తి పంపకాల మీదకీ ఎవరెప్పుడు ఏమన్నారన్న పాత లెక్కల మీదకీ పోతుంది. దాశరథీ శతకంలో రామదాసు అందుకే ముందుజాగ్రత్త పడ్డాడు. ముసలితనంలో యమభటులు వాకిట్లోకి వచ్చినప్పుడు, కఫం గొంతు నిండినప్పుడు, చుట్టాలు చుట్టుముట్టినప్పుడు "మీ స్మరణ కల్గునొ కల్గదొ, నాటి కిప్పుడే తప్పక చేతు మీ భజన" అన్నాడు. ఈ పద్యం చదివి ఆలస్యమైపోయిందని దిగులుపడేవాళ్లున్నారు. ఆ దిగులు నాకు అర్థం కాదు. ఆయన చెప్పిన "ఇప్పుడే" ఇరవై ఏళ్లవాడికి ఎంత వర్తిస్తుందో డెబ్భై ఏళ్లవాడికీ అంతే వర్తిస్తుంది.

అసలు ఈ భాగవతమంతా ఎవరికి చెప్పింది? ఏడు రోజుల్లో చనిపోతానని తెలిసిన పరీక్షిత్తుకి. టైమ్ లేదే అని అతను కంగారు పడకుండా, అతనికి భాగవతం చెప్పిన శుకుడు మొదట్లోనే ఖట్వాంగుడనే రాజు సంగతి చెబుతాడు. ఆయుష్షు ఒక్క ముహూర్తమే మిగిలిందని తెలిసి ఆ ముహూర్తంలోనే అన్నీ వదిలి హరిని చేరినవాడు ఆయన. నీకింకా ఏడు రోజులుంది కదా అంటాడు. గజేంద్రుడి కథ విన్నవాడి పరిస్థితే అలాంటిదైనప్పుడు మన వయసొక అడ్డంకా!

ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాలి, భక్తి పుస్తకాల వాళ్లు దీన్ని గబగబా దాటేస్తారు. విష్ణువు వచ్చాడు, మొసలి నుంచి విడిపించాడు, ఆ తర్వాత గజేంద్రుడు మళ్లీ మందలోకి వెళ్లలేదు. ఆయన చెయ్యి తగిలి ఏనుగు రూపం పోయి, ఆయన రూపమే వచ్చి, ఆయన వెంట వెళ్లిపోయాడు. పాత అడవి, పాత బలం, పాత రాజరికం తిరిగి రాలేదు. పోతన గజేంద్రుడు "కావవే" అని కాపాడమనే అడిగాడు. వ్యాసుడి గజేంద్రుడైతే స్తుతి చివర్లో "జిజీవిషే నాహమ్" అంటాడు, ఈ ఏనుగు జన్మలో బతకాలని నాకు లేదు, లోపలా బయటా కమ్ముకున్న ఈ అజ్ఞానంతో ఏం పని, అది పోతే చాలు అని. ఆ రెండు కోరికలూ ఒకే మనిషిలో ఉంటాయి, ఒకే రోజు కూడా ఉంటాయి. పొద్దున మోకాళ్ల నొప్పి తగ్గించమని అడిగిన నోటితోనే రాత్రి ఇంక చాలు స్వామీ అంటాం. మోకాళ్ల నొప్పి తగ్గకపోవచ్చు, పోయినవాళ్లు రారు. అది ముందే తెలిసి కూడా మళ్లీ మర్నాడు పద్యం అందుకోవడానికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర తర్కానికి నిలిచే జవాబు లేదు, చదువుతున్నంతసేపూ మాట్లాడుతున్నట్టు ఉంటుంది, అంతే.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీనివాళ్లు "ఎవ్వనిచే జనించు" దగ్గర కష్టపడక్కర్లేదు. "వినుదఁట జీవుల మాటలు" తీసుకోండి, చిన్న కంద పద్యం, నాలుగు పాదాలు. అందులో సందేహం అన్న మాట దగ్గర గొంతు తగ్గించకుండా చదవండి.