లారీ లోను మీద ఈసీఎల్ లెక్క: అంకెలు ఎక్కడ తప్పుతాయి

ఈసీఎల్ అంటే ఇచ్చిన అప్పు మీద ముందే అంచనా కట్టే నష్టం (ఎక్స్‌పెక్టెడ్ క్రెడిట్ లాస్). దాని సూత్రం పీడీ ఇంటూ ఎల్‌జీడీ ఇంటూ ఈఏడీ. అంటే అప్పు ఎగ్గొట్టే అవకాశం ఎంత, ఎగ్గొడితే అందులో మునిగేది ఎంత శాతం, ఆ రోజుకి ఖాతాలో ఉండే బాకీ ఎంత. ఈ గుణకారం ఎక్సెల్‌లో ఎవరైనా చేస్తారు. ఆ మూడు అంకెలు ఎలా వచ్చాయని అడిగినప్పుడే చాలాచోట్ల నీళ్లు నములుతారు.

పాత ఐరాక్ పద్ధతిలో (ఆదాయం, ఖాతాల వర్గీకరణపై ఆర్‌బీఐ నిబంధనలు) వాయిదా 90 రోజులు దాటితేనే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. అప్పటిదాకా చాలా రకాల అప్పులకు 0.40 శాతం కేటాయింపు (నష్టానికని పక్కన పెట్టే మొత్తం) పెడితే సరిపోతుంది, ఖాతా 85వ రోజులో ఉన్నా అంతే. ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగ్ ప్రమాణం ఈ ఎదురుచూపుని తీసేసింది. 500 కోట్లు, ఆపైన నెట్‌వర్త్ ఉన్న ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు) ఇది 2018 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. బ్యాంకులకు మాత్రం ఆర్‌బీఐ 2019 మార్చిలో వాయిదా వేసింది. 2025 అక్టోబరు ముసాయిదాలో బ్యాంకులకు ఈసీఎల్ పద్ధతిని 2027 ఏప్రిల్ 1 నుంచి ప్రతిపాదించింది.

ముందు పీడీ. ఏప్రిల్ 1న సక్రమంగా నడుస్తున్న లారీ లోన్లు 10,000 ఉన్నాయనుకుందాం. వచ్చే మార్చి 31 లోపు వాటిలో ఎన్ని ఒక్కసారైనా 90 రోజులు దాటాయో లెక్కపెట్టాలి. 300 దాటితే పీడీ 3 శాతం. తప్పు జరిగేది ఎక్కడంటే, మార్చి 31 నాటి జాబితా తీసి ఆ రోజు ఎన్‌పీఏగా ఉన్నవే లెక్కపెడతారు. సెప్టెంబరులో 90 దాటి, మార్చి వసూళ్ల ఒత్తిడిలో బకాయి కట్టేసిన ఖాతా ఆ జాబితాలో ఉండదు. మధ్యలో రైటాఫ్ చేసినవి (పద్దుల్లోంచి కొట్టేసినవి), మొండి బాకీలు కొనే ఏఆర్‌సీకి అమ్మేసినవి, సెటిల్‌మెంట్‌తో మూసేసినవి కూడా ఉండవు. బాగా చెడ్డ ఖాతాలే లెక్కలోంచి జారిపోతాయన్నమాట. దానికి తోడు ఏడాది మధ్యలో ఇచ్చిన కొత్త లోన్లను హారంలో కలిపితే పీడీ ఇంకా పలచబడుతుంది.

ఎల్‌జీడీలో మోసపోవడం ఇంకా తేలిక. డిఫాల్ట్ రోజుకి వడ్డీతో కలిపి బాకీ 10,00,000. లారీని పట్టుకొచ్చి, యార్డులో పెట్టి, తొమ్మిది నెలలకు వేలంలో 7,00,000కి అమ్మారు. నష్టం 30 శాతమే కదా అనిపిస్తుంది. కాదు. సీజింగ్ ఏజెన్సీకి, యార్డు అద్దెకి, వేలానికి అయిన 60,000 తీసేస్తే మిగిలేది 6,40,000. అది కూడా తొమ్మిది నెలల తర్వాత చేతికొచ్చిన డబ్బు. లోను ఎఫెక్టివ్ వడ్డీ రేటు 14 శాతంతో డిస్కౌంట్ చేస్తే, అంటే ఆలస్యానికి పడే వడ్డీ మేరకు తగ్గిస్తే, డిఫాల్ట్ రోజు విలువలో సుమారు 5,80,000. ఎల్‌జీడీ 42 శాతం. ఇంకో చిక్కు: వసూలు పూర్తయి మూసేసిన కేసులతోనే సగటు తీస్తారు. త్వరగా మూసేసేవి సులువుగా వసూలైన కేసులే. మూడేళ్లుగా కోర్టులోనో, బండి దొరక్కో నలుగుతున్నవి సగటులోకి రాకపోతే ఎల్‌జీడీ అందంగా కనబడుతుంది, నిజంగా ఉండదు.

అసలు డబ్బు మారేది స్టేజ్ మారినప్పుడు. ఖాతాలని మూడు స్టేజీలుగా విడదీస్తారు: సక్రమంగా నడిచేవి 1, రిస్కు పెరిగినవి 2, డిఫాల్ట్ అయినవి 3. బాకీ 12,00,000, ఇంకా మూడేళ్లు గడువు, ఎల్‌జీడీ 40 శాతం అనుకోండి. స్టేజ్ 1లో వచ్చే 12 నెలల నష్టమే చూస్తాం: 3 శాతం పీడీతో 14,400, అదే 14 శాతంతో ఏడాదికి డిస్కౌంట్ చేస్తే 12,632. ఇచ్చిననాటితో పోలిస్తే రిస్కు గణనీయంగా పెరిగితే ఖాతా స్టేజ్ 2కి వెళ్తుంది, మిగిలిన గడువు మొత్తానికి లెక్క కట్టాలి. మూడేళ్ల పీడీ వరుసగా 10, 8, 6 శాతం, ఏడాది మొదట్లో బాకీ 12,00,000, 8,50,000, 4,50,000 అయితే డిస్కౌంట్ తర్వాత 42,105, 20,930, 7,290. మొత్తం 70,325. అదే లారీ, అదే ఓనరు, కేటాయింపు అయిదున్నర రెట్లు. పాత లెక్కలో ఈ ఖాతాకి 4,800 పెట్టి ఊరుకునేవాళ్లం.

అందుకే స్టేజ్ 2 గీత మీద ఒత్తిడి వస్తుంది. వాయిదా 30 రోజులు దాటితే రిస్కు పెరిగినట్టేనని ఇండ్ ఏఎస్ 109 భావిస్తుంది, గట్టి ఆధారం ఉంటే కాదనవచ్చు. అయితే 30 రోజులు ఆఖరి గీత మాత్రమే. చెక్కులు పదేపదే బౌన్స్ అవుతున్నా, ఓనరుకి ఉన్న సరుకు కాంట్రాక్టు పోయినా 31వ రోజు దాకా ఆగితే ఈసీఎల్‌కి అర్థం లేదు. బాకీ కట్టగానే మర్నాడే స్టేజ్ 1కి తేవడం కూడా సరికాదు, కొన్ని నెలలు వరసగా వాయిదాలు పడేదాకా ఆగాలి.

భవిష్యత్తు అంచనా దగ్గర ఒక మెలిక ఉంది. మామూలు, మంచి, చెడ్డ పరిస్థితుల్లో పీడీ 3, 2.4, 6 శాతం అనీ, వాటి బరువులు 50, 20, 30 అనీ అనుకుంటే సగటు 3.78. మామూలు పరిస్థితి ఒక్కటే చూస్తే 3 దగ్గరే ఆగిపోతాం. చెడ్డ పరిస్థితిలో పెరిగే నష్టం, మంచి పరిస్థితిలో తగ్గేదాని కంటే సాధారణంగా ఎక్కువ. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ తెచ్చాక ఇక్కడి వసూళ్లు వారాల్లోనే కుప్పకూలాయి. అంతకుముందు ఏళ్ల చరిత్రతో కట్టిన ఏ పీడీలోనూ అది దొరకదు. మన రాష్ట్రాల్లో పంట రుణాలకు మాఫీ హామీల కాలం కూడా అలాంటిదే. దీన్ని మోడల్ మీద వదలకుండా, కారణం రాసి విడిగా అదనపు కేటాయింపు పెట్టాలి.

పద్దుల్లో ఎంట్రీ చిన్నది: లాభనష్టాల ఖాతాకి ఇంపెయిర్‌మెంట్ ఖర్చు డెబిట్, లాస్ అలవెన్స్ క్రెడిట్. స్టేజ్ 3లో మాత్రం వడ్డీ ఆదాయం కూడా మారుతుంది. 10,00,000 బాకీ మీద 4,20,000 కేటాయింపు ఉంటే, 14 శాతం వడ్డీ మిగిలిన 5,80,000 మీదే. 1,40,000 బదులు 81,200.

ఇంత చేశాక ఈసీఎల్ పాత నిబంధనల కేటాయింపు కంటే తక్కువ తేలితే, ఆ తేడాని నికర లాభంలోంచి ఇంపెయిర్‌మెంట్ రిజర్వుకి మళ్లించమని ఎన్‌బీఎఫ్‌సీలకు ఆర్‌బీఐ 2020 మార్చి 13న చెప్పింది. ఆ రిజర్వు మూలధనం లెక్కలోకి రాదు, ఆర్‌బీఐ ముందస్తు అనుమతి లేకుండా వాడుకోవడానికీ వీల్లేదు. రెండు లెక్కలనీ పక్కపక్కన చూపే పట్టిక వార్షిక నివేదిక నోట్స్‌లో ఉండాలి. ఏ ఎన్‌బీఎఫ్‌సీ నివేదిక చదివినా ముందు ఆ పట్టిక తెరిచి, స్టేజ్ 2 బాకీ మీద ఎంత శాతం పెట్టారో చూడండి.