రేసు అందుకోని ఇంజను

శనివారం రాత్రి, గోపాల్‌పూర్, ఒడిశా తీరం

రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతుల పెట్రోలు వాసన పోలేదు. నిద్ర పట్టేలా లేదు, అందుకే రాసుకుంటున్నాను.

తెల్లారి ఆరింటికి బావ షెడ్డు తలుపు బాదాడు. తడిసిన లుంగీ, చెక్కుకుపోయిన మోచెయ్యి. "ఏటయింది బావా?" అంటే కూర్చోలేదు. "నీ ఇంజను కెరటం మీద సెయ్యిచ్చేసింది రా" అన్నాడు. ఇంజను అతనిదే. కానీ పది రోజుల కిందట సర్వీసు చేసింది నేను. ఆ "నీ" అనే మాట రోజంతా చెవిలోనే ఉండిపోయింది.

మా రేవులో బోటుని ఇసుక మీంచి తోసి, విరిగే కెరటాల్లోంచే బయటికి తీసుకెళ్లాలి. వరసగా పెద్ద కెరటాలు వచ్చిపోయాక కాసేపు నీళ్లు చదునుగా ఉంటాయి. ఆ సందులోనే హ్యాండిల్ పూర్తిగా తిప్పి దాటెయ్యాలి. ఈ పొద్దున బావ తిప్పాడు, ఇంజను గొంతు పట్టేసినట్టు "బ్బ్...బ్బ్" మని నీరసపడిపోయింది. మళ్లీ అందుకుంది గానీ రెండు మూడు సెకన్లు పోయాయి. ఈలోగా బోటు అడ్డం తిరిగింది, తర్వాతి కెరటం లోపలికొచ్చి పడింది. ఇద్దరు నీళ్లలో పడ్డారు. గంగమ్మ తల్లి దయ, అందరూ ఒడ్డుకొచ్చారు. సగం వల పోయింది.

అది రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను, గాలీ పెట్రోలూ కలిపి ఇచ్చే కార్బొరేటర్ సిలిండరుకొకటి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటినప్పుడు బావ పాత తెప్ప ముక్కలైపోయింది. ఆ తర్వాత అప్పు చేసి కొన్నాడు దీన్ని.

ముందు పెట్రోలు మీద పడ్డాను. ట్యాంకు మూత గాలి రంధ్రం తెరిచే ఉంది. అడుగున ఉన్న పెట్రోలు గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచాను. ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కదా, అది గాలిలో తేమని పీలుస్తుంది. సముద్రం పక్కన చెప్పేదేముంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతుంది. సీసాలో పొరేమీ కనబడలేదు. నాకు కొంచెం నిరాశే అయ్యింది. తప్పు పెట్రోలుదైతే బాగుణ్ను అనిపించింది, నిజం చెప్పాలంటే.

తర్వాత బోటుని వెనక ఉప్పుటేటిలోకి తెచ్చి, మోకుతో మొద్దుకి బిగించి, గేరు వేసి చూశాను. హ్యాండిల్ మెల్లగా తిప్పితే ఇంజను చక్కగా ఎక్కుతోంది. ఒక్కసారిగా తిప్పితే దగ్గుతోంది. బావని పైపు మధ్య రబ్బరు బల్బు నొక్కుతూ ఉండమని మళ్లీ తిప్పాను, తేడా లేదు. అంటే పెట్రోలు కార్బొరేటర్ దాకా సరిగ్గానే వస్తోంది. మూడోసారి, దగ్గబోయే క్షణాన, గాలిని తగ్గించే చోక్ సగం లాగాను. ఇంజను గర్జించి మోకుని గుంజింది. బావ నా మొహం చూశాడు. గాలి ఎక్కువవుతోంది, పెట్రోలు చాలడం లేదు.

హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పితే గాలి వెంటనే దూసుకొస్తుంది, పెట్రోలు దానికంటే బరువు కాబట్టి వెనకబడుతుంది. ఆ సందుని పూడ్చాల్సింది స్లో స్పీడుకి పెట్రోలిచ్చే దారి, దాని పక్కనే సూది మొనంత ఉండే రెండు మూడు రంధ్రాలు. అవి మూసుకుపోయినా, ఆ దారిలో పెట్రోలుని సరిచేసే స్క్రూ మరీ బిగించినా, ఎక్కువ స్పీడుకి పెట్రోలిచ్చే మెయిన్ జెట్ అందుకునేలోపు ఇంజను ఆకలితో ఉంటుంది. పైగా టూ స్ట్రోక్‌కి ఆయిలు కూడా పెట్రోల్లోనే వెళ్తుంది, దీనికి లీటరుకి 20 మిల్లీలీటర్లు. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. ఇలాగే నడిపితే పిస్టన్ కాలిపోతుంది.

ప్లగ్గులు విప్పాను. కింది సిలిండరుది కాస్త పాలిపోయినా కాఫీ రంగులోనే ఉంది. పైది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, పెట్రోలు చాలలేదనడానికి గుర్తు.

ఇక్కడే నా తప్పు ఒకటి కాదు, రెండని తేలింది. పది రోజుల కిందట ఇంజనుని నీళ్ల డ్రమ్ములో పెట్టి, న్యూట్రల్‌లో స్టార్టు చేసి, చప్పుడు మెత్తగా వచ్చేదాకా ఆ పెట్రోలు స్క్రూలు లోపలికి తిప్పాను. బరువు లేని ఇంజను తక్కువ పెట్రోలుతోనే హాయిగా పాడుతుంది. బోటుని, నలుగురు మనుషుల్ని, వలని తోయాల్సి వచ్చినప్పుడే దాని కష్టం బయటపడుతుంది. కంపెనీ పుస్తకంలో, పూర్తిగా బిగించాక ఒకటిన్నర చుట్లు వదులు చెయ్యాలని ఉంది. కిందిది ఒక్క చుట్టు దగ్గరుంది, పైది అంతకన్నా తక్కువ.

కిందిది పావు చుట్టు చొప్పున వదులు చేస్తే కుదురుకుంది. పైది ఎంత వదిలినా కుదరలేదు. ఆ చిన్న రంధ్రాల మీద రేకు మూత ఒకటి ఉంటుంది, రెండు స్క్రూలతో. సర్వీసప్పుడు అవి ఉప్పు పట్టి కదల్లేదు. తల విరుగుతుందని భయపడి, ఫ్లోటు గిన్నె, మెయిన్ జెట్ కడిగి మూసేశాను. బావ రెండు నెలలు కేరళ బోట్ల మీద పనికి వెళ్లినప్పుడు ఇంజను లోపల పెట్రోలుతోనే ఉండిపోయింది. ఎండిన పెట్రోలు జిగురైపోతుందని నాకు తెలుసు. తెలిసే వదిలేశాను.

ఈసారి స్క్రూలకి తుప్పు నూనె పోసి, బరంపురం బస్సెక్కాను. షాపు భాయికి ఒడియాలో మొత్తం వివరిస్తే గ్యాస్కెట్ కాగితం, క్లీనర్ డబ్బా ఇచ్చి, "తీగ దూర్చకు" అన్నాడు. నాకూ తెలుసు, రంధ్రం పెద్దదైతే ఆ కార్బొరేటర్ ఇక కుదురుకోదు. తిరిగొచ్చేసరికి స్క్రూలు నానాయి. మూత తీస్తే మూడు రంధ్రాల్లో రెండు పచ్చటి జిగురుతో పూడిపోయి ఉన్నాయి. క్లీనర్ కొట్టి, నానబెట్టి, గాలి పట్టి, మళ్లీ కొట్టి, వెలుతురుకి పెట్టి చూశాను. మూడింట్లోంచీ ఆకాశం కనబడేసరికి మూడున్నర అయ్యింది. గ్యాస్కెట్ కత్తిరించుకుని, రెండు కార్బొరేటర్లూ ఒకేసారి తెరుచుకునేలా లింకు సరిచేసి బిగించాను.

ఏటిలో మోకు కట్టి పన్నెండుసార్లు ఒక్కసారిగా తిప్పాను. ఒక్కసారీ దగ్గలేదు.

"సాల్లే, రేపు ఎల్తాను" అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడే, నేనూ ఎక్కుతానన్నాను. అక్క ఒడ్డున నిలబడి ఏమీ అనలేదు, చిన్నదాన్ని చంకలోంచి దించలేదు. సూర్యుడు లైట్‌హౌస్ వెనక్కి దిగుతుండగా కెరటాలు లెక్కపెట్టుకున్నాం. సందు దొరికింది. బావ తిప్పాడు. ముక్కు లేచి, నీళ్లు రెండు పక్కలా చీలిపోయి, మూడో కెరటం విరగకముందే అవతల ఉన్నాం. బావ వెనక్కి తిరిగి నా భుజం మీద చెయ్యి వేశాడు, మాటేమీ లేదు.

సర్వీసు నోటుబుక్కులో ఆ ఇంజను పేజీ తీసి, రెండూ ఒకటిన్నర అని రాసి, కింద "ఏటిలో కట్టి చూశాను" అని పెట్టాను. వెనక పేజీలు తిప్పితే ఈ నెల్లో డ్రమ్ములోనే చూసి పంపేసినవి ఇంకో మూడున్నాయి. రేపు తెల్లారకముందే, వాళ్లు బోట్లు తోసేలోపు, ముగ్గురి ఇళ్లకీ వెళ్లాలి.