బావంచాల నూనె రాసుకున్న వేసవి

సోరియాసిస్ అని నాకు మొదట చెప్పిన డాక్టరు నా చెయ్యి ముట్టుకోలేదు. బల్లకు అవతలి నుంచే పొలుసులు చూసి, ‘ఇది పోయేది కాదమ్మా, అలవాటు చేసుకో’ అన్నారు. అబద్ధం చెప్పలేదు. అయినా ఆ మాట మింగుడుపడలేదు. ఆ ఏడాదే కావలిలో ఒక పెళ్లిలో మా పెద్దత్త నా చేతిలోని గరిటె తీసుకుంది. ‘నువ్వు కూర్చోమ్మా, నలుగురూ తినే చోటు.’ ఈ జబ్బు అంటుకోదు. ఆ మాట అక్కడే గట్టిగా చెప్పవలసింది, గొంతు పెగల్లేదు.

ఆ ఉక్రోషంతోనే ఉదయగిరి వైపు ఒక మూలికల వైద్యుడి దగ్గరకు వెళ్లాను. నల్లటి నూనె ఇచ్చి, రాసుకుని ఎండలో కూర్చోమన్నాడు. ఎంతసేపో చెప్పలేదు. అందులో ఏముందని అడిగితే, ‘కొండ మూలికలు’ అన్నాడు. మే నెల ఎండలో మేడ మీద గంటసేపు కూర్చున్నాను.

మొదటి రోజు ఎర్రబడింది, అంతే. రెండో రాత్రి మంటకు మెలకువ వచ్చి దీపం వేస్తే, రెండు ముంజేతుల నిండా రేగుపండ్లంత నీటి బొబ్బలు! ఒకటి చితికి, చర్మం దుప్పటికి అతుక్కుపోయింది. ఒళ్లంతా ఇలాగే ఊడిపోతుందేమోనని వణికిపోయాను. మా అత్తగారు తన నూలు చీర చింపి, తడిపి, తెల్లవార్లూ నా చేతుల మీద వేస్తూనే ఉన్నారు. ఆవిడతో నాకు అంతకుముందు ఆరు నెలలుగా మాటల్లేవు.

నెల్లూరులో చర్మవైద్యురాలు నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చూసింది. ఆమె అడిగితే వైద్యుడికి ఫోను చేశాను. అప్పుడు చెప్పాడు, బావంచాలనే మూలిక గింజలు వేశానని. వాటిలో సోరలెన్ ఉంటుంది. అది పట్టిన చర్మానికి ఎండ తగిలితే కాలిపోతుంది. ఆసుపత్రుల్లో సోరియాసిస్‌కూ బొల్లికీ ఇదే సోరలెన్ వాడి, కాంతిని కొలిచి, నిమిషాలు లెక్కపెట్టి నిలబెడతారట. గంటసేపు! ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది అతనికి? ఆ కోపం నాకింకా చల్లారలేదు.

చెట్ల మందుల మీద మాత్రం కోపం లేదు. సోరియాసిస్‌కు పూసే డైథ్రనాల్‌ను 1916లో తయారుచేసింది, బ్రెజిల్ అరరోబా చెట్టు నుంచి వచ్చే ‘గోవా పొడి’కి బదులుగానేనని ఆ చర్మవైద్యురాలే చెప్పింది. పుండ్లు మానాక వారానికొక మాత్ర, రక్తపరీక్షలు మామూలుగా సాగాయి. ఆమెను అడిగాకే అంకుడాకు నూనె మొదలుపెట్టాను. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకులను కొబ్బరినూనెలో వేసి ఎండబెడితే ఊదారంగు దిగుతుంది. అది రాసుకుంటే పొలుసులు మెత్తబడతాయి, నాకు అంతవరకే. ఎవరు ఏ నూనె ఇచ్చినా అందులో ఏముందో అడగండి, ముందు అరచేతి వెడల్పు చోట రాసి రెండు మూడు రోజులు చూడండి. జిల్లేడు పాలు, జీడిగింజల రసం అసలే వద్దు.

ఆ ఏడు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె అందుకున్నాను. మరుసటి ఏడు ఆ బాకీ తీర్చడానికి, నా వంతుగా ఇంకొకరికి రొట్టె ఇవ్వడానికి వెళ్లాను. నీళ్లలో నిలబడిన ఒక ముసలావిడ నా ముంజేతుల మీది మచ్చలు చూసింది. చూసి, కొంగు పట్టి రొట్టె అందుకుంది.